టీచరు అలసట ఎక్కడ పుడుతోంది? నెల్లూరు, ప్రకాశం బడుల పని అమరికపై ఒక విశ్లేషణ

సంక్షిప్తంగా

టీచర్ల క్షేమం అనే మాట కొన్నేళ్లుగా శిక్షణ తరగతుల్లో, అధికారిక సమావేశాల్లో తరచుగా వినిపిస్తోంది. అయితే అందుకు చూపుతున్న మార్గం చాలావరకు యోగా, ధ్యానం, ప్రేరణ ప్రసంగాల దగ్గరే ఆగిపోతోంది. నెల్లూరు, ప్రకాశం ప్రాంతాల బడులను దగ్గరగా గమనిస్తే, అలసటకు మూలం టీచరు మనసులో కన్నా బడి పని అమరికలోనే ఎక్కువగా ఉన్నట్టు తెలుస్తుంది. ఒకరు సెలవు పెడితే ఆ తరగతిని చూసే మరో మనిషి లేకపోవడం, పాఠాన్ని మధ్యలో తెంచే సమాచార సేకరణ అన్నిటికంటే ముందు సరిచేయవలసినవి. దూరప్రయాణాలు, సర్దుబాటు ఉత్తర్వులు, టెట్ (ఉపాధ్యాయ అర్హత పరీక్ష) తీర్పు, ప్రైవేటు టీచర్లకు తగిన చట్టపు రక్షణ లేకపోవడం వాటికి తోడై భారాన్ని పెంచుతున్నాయి.

చర్చ ఎందుకు ముదిరింది

రాష్ట్రంలో 2022 నుంచి బడుల రూపం వేగంగా మారుతూ వచ్చింది. ఆ ఏడాది జూన్‌లో వచ్చిన 117వ జీవో ప్రకారం 3, 4, 5 తరగతులను కిలోమీటరు లోపు ఉన్న ఉన్నత పాఠశాలలకు తరలించారు. 2025లో ఆ విధానాన్ని పక్కనపెట్టి, బడులను తొమ్మిది రకాలుగా వర్గీకరించారు. పిల్లలు తగినంత మంది ఉన్న చోట ఆదర్శ ప్రాథమిక పాఠశాలను ఏర్పరచి తరగతికో టీచరును ఇవ్వాలన్నది ఆ మార్పులో ముఖ్యాంశం. మూడేళ్లలో ఒకే ఊరి బడి రూపం రెండుసార్లు మారిందన్న మాట. దానితో పాటే పదోన్నతులు, బదిలీలు, 16,347 పోస్టుల మెగా డీఎస్సీ నియామకాలు కూడా 2025లోనే జరిగాయి.

ఈ మార్పుల్లో మేలు లేదని చెప్పలేం. తరగతికో టీచరు ఉన్న ప్రాథమిక పాఠశాలకూ, ఐదు తరగతులనూ ఇద్దరు పంచుకునే బడికీ పోలికే లేదు. కానీ ఒక మండలానికి వచ్చే టీచర్ల సంఖ్యకు హద్దు ఉంటుంది కాబట్టి, పిల్లలు ఎక్కువున్న బడికి ఐదుగురు వెళ్లినప్పుడు పిల్లలు తక్కువున్న బడి ఒక్కరితోనే మిగిలిపోతుంది. కేంద్రం సేకరించే బడుల గణాంకాలైన యూడైస్ ప్లస్ 2024-25 లెక్కల్లో దేశవ్యాప్తంగా 1,04,125 ఏకోపాధ్యాయ పాఠశాలలు ఉంటే, వాటిలో 12,912 ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. రాష్ట్రాలన్నిటిలోకీ ఇదే పెద్ద సంఖ్య. టీచర్ల క్షేమం గురించి మాట్లాడేటప్పుడు ముందు పెట్టుకోవలసిన అంకె కూడా ఇదే.

అలసట అంటే ఏది

పని ఎక్కువై ఒళ్లు అలిసిపోవడం, పనిలో మనసు విరిగిపోవడం వేర్వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణ రెండో స్థితిని జబ్బుగా కాక ఉద్యోగ సంబంధమైన స్థితిగా నమోదు చేసింది. శక్తి పూర్తిగా ఇంకిపోయినట్టు అనిపించడం, పని మీద విముఖత పెరిగి దానికి మానసికంగా దూరం కావడం, తాను చేసేది ఫలించడం లేదన్న భావన దాని మూడు లక్షణాలు. అదుపు చేయని పని ఒత్తిడి దీర్ఘకాలం కొనసాగితే ఇది కలుగుతుందని ఆ నిర్వచనమే చెబుతోంది. అంటే మొదటి ప్రశ్న మనిషి బలహీనత గురించి కాదు, పని చోటు గురించి.

పని ఒత్తిడిపై పరిశోధించిన రాబర్ట్ కరాసెక్ 1979లో ప్రతిపాదించిన నమూనా ఈ విషయాన్ని ఇంకాస్త స్పష్టం చేస్తుంది. పని భారం ఒక్కటే మనిషిని కుంగదీయదనీ, భారం ఎక్కువగా ఉండి ఆ పనిని ఎప్పుడు, ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ తక్కువగా ఉన్నప్పుడే ఒత్తిడి హానికరమవుతుందనీ దాని సారాంశం. పదో తరగతి పిల్లలకు సాయంత్రం ఒక గంట అదనంగా చెప్పడం చాలామంది టీచర్లకు కష్టమనిపించదు. అదే గంటను ఏ రోజు, ఏ పాఠంతో గడపాలో పైనుంచి నిర్దేశించి, ఫోటో పంపమని అడిగి, ఆదివారం కూడా రమ్మంటే ఆ శ్రమ స్వభావమే మారిపోతుంది. పరీక్షలకు ముందు అమలుచేసే వంద రోజుల ప్రణాళికపై టీచర్ల సంఘాలు ఏటా లేవనెత్తే అభ్యంతరాలను ఈ కోణంలో చదవాలి. వాటిలో ప్రధానమైనది పాఠం చెప్పడంపై అభ్యంతరం కాదు. తమ తరగతిలో ఏ పిల్లవాడికి ఏది రాదో తెలిసిన టీచరుకు ప్రణాళికలో చోటు లేకపోవడమే అసలు ఫిర్యాదు.

ఇద్దరు టీచర్ల బడిలో ఒక పూట

ఉదయగిరి, వింజమూరు వైపు మెట్ట గ్రామాల్లో గానీ, కనిగిరి, పామూరు పరిసరాల్లో గానీ ఇద్దరు ఎస్జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు) ఉన్న ప్రాథమిక పాఠశాల మామూలు దృశ్యం. ఒకరు ఒకటి, రెండు తరగతులను, మరొకరు మూడు, నాలుగు, ఐదు తరగతులను చూస్తారు. తొమ్మిదింటికి ఫోన్ యాప్‌లో ముఖ హాజరు వేయాలి. ఆ చోట సిగ్నల్ సరిగా అందకపోతే ఆవరణలో కాస్త ఎత్తున్న మూలకు వెళ్లి మళ్లీ ప్రయత్నించాలి. ప్రార్థన అయ్యాక పిల్లల హాజరు రిజిస్టరులో ఒకసారి, యాప్‌లో ఒకసారి నమోదు చేయాలి. వంట చేసే అక్క వచ్చి ఈ పూట ఎంతమందికి బియ్యం పోయాలో అడుగుతుంది. గుడ్లు లెక్కపెట్టాలి, చిక్కీల నిల్వ చూడాలి, రాగి జావ రోజైతే అది పంచాలి. వీటిలో ఏ ఒక్కటీ అనవసరమైన పని కాదు. పిల్లల కడుపు నిండడం చదువుకు తొలి మెట్టు అన్న సంగతి ఆ టీచర్లకు అందరికంటే బాగా తెలుసు.

పాఠం పదింటికి ఊపందుకుంటుందనుకుంటే, అప్పుడే మండల విద్యావనరుల కేంద్రం వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వస్తుంది: ఫలానా వివరాలు మధ్యాహ్నం పన్నెండు లోపు పంపాలి. ఆధార్‌లో పేరు ఒకలా, అడ్మిషన్ రిజిస్టరులో ఇంకొకలా ఉన్న పిల్లల జాబితా కావచ్చు, యూనిఫాం కొలతలు కావచ్చు, అపార్ (విద్యార్థి గుర్తింపు) సంఖ్య రాని వారి వివరాలు కావచ్చు. మూడో తరగతి పిల్లలకు భాగహారం చెబుతున్న టీచరు సుద్దముక్క పక్కన పెట్టి ఫోన్ తీస్తారు. పది నిమిషాల తర్వాత తిరిగి చూస్తే నాలుగో తరగతి పిల్లలు తమ లెక్కలు ముగించి ఊరుకున్నారు, మూడో తరగతి పిల్లలు శేషం ఎక్కడ వేయాలో మరిచిపోయారు. పాఠం మళ్లీ మొదటికి వస్తుంది. పోయినవి ఆ పది నిమిషాలే కావు, అంతకు ముందు పట్టిన అరగంట శ్రద్ధ కూడా.

ఇదంతా ఇద్దరూ బడిలో ఉన్న రోజు సంగతి. ఒకరు స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల సముదాయం) మీటింగుకో, శిక్షణకో వెళ్లినా, జ్వరంతో సెలవు పెట్టినా రెండో టీచరు ఐదు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టక తప్పదు. ఆ రోజు జరిగేది బోధన అనడం కంటే పిల్లలను క్షేమంగా సాయంత్రం దాకా చూసుకోవడం అనడమే సరైనది.

సెలవు ఉంది, బదులు మనిషి లేరు

ఈ వ్యాసం ప్రధానంగా ఎత్తిచూపుతున్న లోపం ఇదే. కాగితం మీద టీచర్ల సెలవు హక్కులు తక్కువేమీ కాదు. ప్రసూతి సెలవు 180 రోజులు. మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 180 రోజుల శిశు సంరక్షణ సెలవు ఉంది. సాధారణ సెలవులు, వైద్య కారణాలపై తీసుకునే అర్ధవేతన సెలవులు ఉన్నాయి. అయితే ఈ హక్కులను వాడుకునే వేళ తరగతిని చూడడానికి బదులు టీచరును పంపే స్థిరమైన ఏర్పాటు లేదు. సీఆర్ఎంటీలను (క్లస్టరులోని బడుల మధ్య తిరిగే టీచర్లను) పంపడం, పక్క బడి నుంచి ఒకరిని డిప్యుటేషన్ మీద వేయడం వంటి సర్దుబాట్లు జరుగుతాయి. కానీ సీఆర్ఎంటీల సమయంలో ఎక్కువ భాగం సమాచార సేకరణకే సరిపోతోంది, డిప్యుటేషన్ వల్ల పక్క బడి ఖాళీ అవుతోంది.

దీని ఫలితం ఏమిటంటే, సెలవు ఖర్చు ప్రభుత్వం మీద పడవలసింది పోయి తోటి టీచరు మీద పడుతుంది. జ్వరం ఉన్నా బడికి రావడం, గర్భిణిగా ఉండగా చివరి వారం దాకా బస్సులో ప్రయాణించడం, ఇంట్లో ముసలి తండ్రి ఆసుపత్రిలో ఉన్నా అరపూట సెలవుతో సరిపెట్టడం ఇందువల్లనే జరుగుతున్నాయి. ఇద్దరి మధ్య ఎంత స్నేహం ఉన్నా ఆరు నెలల ప్రసూతి సెలవు కాలమంతా ఒక్కరే బడిని మోస్తే ఆ బంధం మీద బరువు పడుతుంది. తప్పు ఇద్దరిలో ఎవరిదీ కాకపోయినా కినుక మాత్రం వారి మధ్యనే మిగులుతుంది.

టీచర్లకు వేసవి సెలవులు ఉన్నాయి కదా అన్న వాదన ఇక్కడ సహజంగా వస్తుంది. ఆ సెలవుల కారణంగానే టీచర్లకు ఏడాదికి జమయ్యే సంపాదిత సెలవు ఆరు రోజులే. పదో తరగతి జవాబు పత్రాల మూల్యాంకనం, శిక్షణలు, బడి ఈడు పిల్లల నమోదు వేసవిలోకే వస్తాయి. పైగా వేసవిలో విశ్రాంతి ఉందని నవంబరులో వచ్చిన డెంగీ ఆగదు.

ఫోన్‌లోకి చేరిన పర్యవేక్షణ

ముఖ హాజరు 2022 ఆగస్టులో మొదలైంది. సొంత ఫోన్‌లో ప్రభుత్వ యాప్ వేసుకోవడం, సిగ్నల్ లేని ఊళ్లలో ఆలస్యంగా నమోదయ్యే హాజరు, వ్యక్తిగత సమాచార భద్రత వంటి ప్రశ్నలపై అప్పుడే నిరసనలు వచ్చాయి. తర్వాతి కాలంలో వేర్వేరు యాప్‌లను కలిపి లీప్ యాప్ కిందికి తెచ్చారు. ఇది సరైన దిశలో పడిన అడుగే. హాజరు యాప్‌కు ఒక మేలు కూడా ఉంది. రోజూ వేళకు వచ్చే టీచరుకు అది రుజువుగా నిలుస్తుంది, ఊళ్లో వచ్చే నిరాధార ఆరోపణలకు జవాబు చెబుతుంది.

అయితే ఇంత పర్యవేక్షణకు పునాదిగా ఉన్న నమ్మకాన్ని కూడా పరీక్షించాలి. ప్రభుత్వ టీచర్లు బడికి రారన్నది బలంగా నాటుకుపోయిన అభిప్రాయం. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2017లో వెలువరించిన అధ్యయనం, పరిశీలన వేళ బడిలో లేని టీచర్లలో ఎక్కువమంది అధికారిక పనుల మీదనో, అనుమతి పొందిన సెలవు మీదనో ఉన్నారని తేల్చింది. కారణం లేకుండా గైర్హాజరైనవారు మొత్తం టీచర్లలో రెండున్నర శాతం దగ్గరే ఉన్నారు. అంటే తరగతి గది ఖాళీగా ఉండడానికి టీచరు నిర్లక్ష్యం కంటే వ్యవస్థ అప్పగించిన ఇతర పనులే పెద్ద కారణం. నిర్లక్ష్యాన్ని పట్టుకోవడానికి రూపొందించిన పరికరం ఈ రెండో కారణాన్ని సరిచేయలేదు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప మరే బోధనేతర పనికీ టీచర్లను నియోగించకూడదు. ఎన్నికల పనిని కూడా సెలవు దినాల్లో, బోధన లేని వేళల్లో అప్పగించాలని సుప్రీంకోర్టు 2007 డిసెంబరులో చెప్పింది. 2020 జాతీయ విద్యావిధానం కూడా బోధనతో నేరుగా సంబంధం లేని పనుల నుంచి టీచర్లను తప్పించాలన్నది. చిక్కు ఎక్కడంటే, ఈ నిబంధనలు టీచరును బడి బయటికి పంపే పనులను ఊహించి రాసినవి. బడిలోనే కూర్చోబెట్టి ఫోన్‌లో చేయించే పని వీటి కంటికి ఆనడం లేదు. తుపాను వేళ తీర గ్రామాల బడులు పునరావాస కేంద్రాలైనప్పుడు, 2027 జనగణన లెక్కలకు వెళ్లవలసి వచ్చినప్పుడు టీచర్లు ఆ విధులు చేస్తారు. అవి ఎప్పుడో ఒకసారి వచ్చేవి. రోజూ వచ్చే చిన్న చిన్న అంతరాయాలే ఏడాది పొడవునా అలసటను పేరుస్తాయి.

ఇదే చట్టం షెడ్యూలులో మరో అంశం ఉంది. టీచరు వారానికి కనీసం 45 గంటలు పనిచేయాలి, అందులో పాఠం సిద్ధం చేసుకునే సమయం కూడా కలిసే ఉంటుంది. సిద్ధపడడం కూడా పనేనని చట్టం గుర్తించింది. ఏ బడి టైంటేబుల్లోనూ దానికి చోటు కనిపించదు. ఆ పని రాత్రి ఇంట్లో పిల్లలు పడుకున్నాక జరుగుతుంది, లేదా జరగదు.

దూరం, నీళ్లు, వలస

నెల్లూరు డెల్టా గ్రామాలకూ, పశ్చిమ ప్రకాశానికీ టీచరు జీవితంలో ఉన్న తేడా చిన్నది కాదు. ఇందుకూరుపేటలోనో, కోవూరులోనో పనిచేసే టీచరు నెల్లూరు నుంచి అరగంటలో బడి చేరుకోగలరు. యర్రగొండపాలెం, పుల్లలచెరువు, దోర్నాల మండలాల్లో పని పడిన ఒంగోలు కుటుంబానికి రోజూ వచ్చిపోవడం సాధ్యమే కాదు. భార్యాభర్తలు చెరో చోట ఉండడం, పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదలడం, వారానికోసారి ఇంటికి రావడం అక్కడ మామూలైపోయాయి. కనిగిరి ప్రాంతంలో నీళ్లలో ఫ్లోరైడ్ సమస్య దశాబ్దాలుగా ఉంది. అక్కడ కాపురం పెట్టడానికి బయటివారు వెనకాడడంలో వింత లేదు. నల్లమల చెంచుగూడేల్లో భాష, ఆచారం, నమ్మకం సంపాదించడానికే టీచరుకు ఏళ్లు పడతాయి. ఆ నమ్మకం కుదిరేసరికి బదిలీ వస్తుంది.

బదిలీల చట్టం 2025లో వచ్చాక పాయింట్ల లెక్క, ఒకే చోట ఎనిమిదేళ్ల పరిమితి వంటి నియమాలు రాతపూర్వకంగా స్థిరపడ్డాయి. మారుమూల బడిలో చేసినవారికి ఎక్కువ పాయింట్లు ఇవ్వడం న్యాయమైన పద్ధతి. ఎప్పుడు, ఏ ప్రాతిపదికన బదిలీ వస్తుందో ముందే తెలిస్తే మనిషి ఇల్లు, పిల్లల చదువు దానికి తగ్గట్టు చూసుకోగలుగుతాడు. ఈ నిశ్చింతను పాడుచేసేది ఏడాది మధ్యలో వచ్చే పని సర్దుబాటు ఉత్తర్వు. ఆగస్టులో పిల్లల సంఖ్య లెక్కించి, మిగులు తేలిన టీచరును మరో మండలానికి పంపినప్పుడు అక్కడి ఖాళీ నిండుతుంది గానీ, రెండు నెలలుగా తనకు అలవాటైన తరగతిని ఆ టీచరు వదులుకోవలసి వస్తుంది.

వలస ఈ ప్రాంతపు మరో వాస్తవం. పశ్చిమ మండలాల నుంచి మిర్చి కోతలకూ, కట్టడం పనులకూ కుటుంబాలు వెళ్లినప్పుడు పిల్లలూ వెళ్తారు. తిరిగొచ్చిన పిల్లవాడు రెండు మూడు నెలల చదువు వెనుకబడి ఉంటాడు. వాడిని మళ్లీ తరగతితో కలపడం టీచరు పనే. హాజరు శాతం ఎందుకు తగ్గిందో సంజాయిషీ చెప్పవలసిందీ టీచరే. తన చేతిలో లేని కారణానికి జవాబుదారీ కావలసి రావడం మనసును ఎంతగా నలిపేస్తుందో ఆ స్థానంలో ఉన్నవారికే తెలుస్తుంది.

టెట్ తీర్పు తెచ్చిన కలవరం

సర్వీసులో ఉన్న టీచర్లు కూడా ఉపాధ్యాయ అర్హత పరీక్షలో ఉత్తీర్ణులు కావాలని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న తీర్పునిచ్చింది. పదవీ విరమణకు ఐదేళ్లకు మించి సమయం ఉన్నవారికి రెండేళ్ల గడువు ఇచ్చింది. ఐదేళ్ల లోపు ఉన్నవారు కొనసాగవచ్చు, కానీ టెట్ లేకుండా పదోన్నతి ఉండదు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ తీర్పు ప్రభావం మరికొంత విస్తృతంగా ఉండడానికి ఒక కారణం ఉంది. 2022లో పదవీ విరమణ వయసు 60 నుంచి 62కు పెరిగింది. అందువల్ల తీర్పు నాటికి 57 ఏళ్లు నిండనివారందరూ గడువు నియమం కిందికి వస్తారు. 1998, 2000, 2001, 2002 డీఎస్సీల్లో ఎంపికై పాతికేళ్లుగా పాఠాలు చెబుతున్నవారు కూడా ఇందులో ఉన్నారు. రాష్ట్రంలో టెట్ మొదలైందే 2011లో. వారు ఉద్యోగంలో చేరిన నాటికి ఆ పరీక్షే లేదు. 150 ప్రశ్నలకు 150 నిమిషాల్లో జవాబివ్వవలసిన ఆ పరీక్షలో శిశు వికాసం, భాషలతో పాటు ఏళ్ల తరబడి తాకని సబ్జెక్టులు కూడా ఉంటాయి. జీవశాస్త్రం చెప్పే స్కూల్ అసిస్టెంటు లెక్కల ప్రశ్నలు కూడా చేయాలి.

పిల్లలకు అర్హత ఉన్న టీచరు దొరకాలన్న ఉద్దేశాన్ని ఎవరూ కాదనరు. చిక్కంతా సమయం దగ్గరే. పగలు బడి, సాయంత్రం ప్రత్యేక తరగతి, రాత్రి నమోదులు ఉన్నవారు కోచింగ్ పుస్తకం పట్టేది ఎప్పుడు? చదువు చెప్పే వేళల్లోంచే ఆ సమయం తీస్తే నష్టపోయేది పిల్లలు. మైనంపాడు, పల్లిపాడుల్లోని జిల్లా విద్యా శిక్షణ సంస్థలకు ఈ విషయంలో సహజమైన పాత్ర ఉంది. సబ్జెక్టుల వారీగా సెలవు రోజుల్లో తరగతులు నడిపితే, అవి తప్పనిసరి శిక్షణ గంటల కింద లెక్కకు వస్తే, టీచర్లు పట్టణాల్లోని కోచింగ్ కేంద్రాల చుట్టూ తిరిగే అవసరం తగ్గుతుంది.

ప్రైవేటు టీచర్ల పరిస్థితి

నెల్లూరు, ఒంగోలు, కావలి పట్టణాల్లో ఉదయం ఏడున్నరకే పసుపు బస్సుల్లో పిల్లలతో పాటు ఎక్కే టీచర్ల గురించి చర్చలు తక్కువ. పన్నెండు నెలల్లో పది నెలలకే జీతం, వేసవిలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలన్న లక్ష్యాలు, ఉద్యోగం మానాలంటే యాజమాన్యం దగ్గరున్న ఒరిజినల్ సర్టిఫికెట్లు అడ్డుకావడం ఈ రంగంలో చాలాకాలంగా వినిపిస్తున్న ఫిర్యాదులు.

దీని వెనుక చట్టపరమైన ఖాళీ ఉంది. టీచర్లు పారిశ్రామిక వివాదాల చట్టం కింద కార్మికులు కారని సుప్రీంకోర్టు 1988లో నిర్ణయించింది. దాంతో కార్మికులకు ఉన్న వివాద పరిష్కార మార్గం వారికి మూసుకుపోయింది. ప్రభుత్వ టీచర్లకున్న సర్వీసు నియమాలూ వారికి వర్తించవు. అయితే చాలామందికి తెలియని హక్కులు కొన్ని ఉన్నాయి. గ్రాట్యుటీ చట్టం పరిధిలోకి టీచర్లను 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా 2009లో చేర్చారు, ఆ సవరణ చెల్లుతుందని సుప్రీంకోర్టు 2022 ఆగస్టులో తేల్చింది. 20 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న బడికి భవిష్యనిధి నియమాలు వర్తిస్తాయి. ఐదేళ్లు పనిచేసి మానేసిన టీచరు గ్రాట్యుటీ అడగవచ్చన్న ఒక్క విషయం తెలిసినా కొందరి జీవితాల్లో తేడా వస్తుంది.

పిల్లల దాకా చేరే ప్రభావం

టీచరు అలసట తరగతి గది గోడల్లోనే ఆగదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 17 ప్రాథమిక తరగతుల్లో చేసిన అధ్యయనం 2016లో వెలువడింది. పనిలో మనసు విరిగిన స్థితి ఎక్కువగా ఉన్న టీచర్ల తరగతుల్లోని పిల్లల్లో ఉదయం వేళ కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను స్థాయి ఎక్కువగా కనిపించింది. ఏది కారణం, ఏది ఫలితం అన్నది అది నిర్ధారించకపోయినా, రెండింటికీ ముడి ఉందని మాత్రం చూపింది.

శరీరం మీద పడే భారంలో గొంతు ముందుంటుంది. అమెరికాలోని అయోవా, యూటా రాష్ట్రాల్లో చేసిన అధ్యయనంలో, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు సమస్య వచ్చిన టీచర్లు 57.7 శాతం కాగా, ఇతర వృత్తులవారిలో అది 28.8 శాతమే. ఐదు తరగతుల పిల్లలు కూర్చున్న గదిలో, ఫ్యాన్ల మోతలో, రోజంతా గొంతెత్తి చెప్పే మన టీచర్లకు ఆ ఇబ్బంది అంతకు తక్కువ ఉంటుందని అనుకోలేం. బొంగురు గొంతును వృత్తి సంబంధ సమస్యగా చూసి పరీక్ష చేయించే అలవాటు మాత్రం మన దగ్గర లేదు.

ఇతర దేశాల అనుభవం

జపాన్ ఒక హెచ్చరికగా నిలుస్తుంది. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2018 సర్వేలో అక్కడి మాధ్యమిక టీచర్లు వారానికి 56 గంటలు పనిచేస్తున్నట్టు తేలింది. సర్వేలో పాల్గొన్న దేశాల సగటు 38 గంటలు. ఆ ఎక్కువ గంటలు బోధనవి కావు, క్రీడా క్లబ్బులు, కాగితం పనులవి. 1971 చట్టం అదనపు గంటలకు వేతనం బదులు జీతంలో 4 శాతం చేర్చి ఊరుకుంది. ఎన్ని గంటలు పనిచేయించినా ఖర్చు మారకపోవడంతో గంటలను తగ్గించాలన్న ఒత్తిడి ప్రభుత్వం మీద లేకపోయింది. టీచర్లు దొరకడం కష్టమయ్యాక 2025లో ఆ శాతాన్ని దశలవారీగా 10కి పెంచేలా చట్టం మార్చారు. మన దగ్గర కూడా టీచరు సమయానికి ఖర్చు లెక్క లేదు. వివరాలు కోరే ప్రతి విభాగమూ దాన్ని ఉచితంగా వాడుకుంటోంది.

ఇంగ్లండ్ మరో దారిలో వెళ్లింది. అక్కడి టీచర్ల పని భారంపై ఏర్పడిన బృందాలు 2016లో దిద్దుబాటు, పాఠ ప్రణాళిక, సమాచార సేకరణ అనే మూడు అంశాలపై విడివిడిగా నివేదికలిచ్చాయి. ఒక వివరాన్ని ఒకసారే సేకరించి, అవసరమైన వారందరూ దాన్నే వాడుకోవాలన్నది వాటిలోని ఒక సూత్రం. 2021లో సిబ్బంది క్షేమంపై ప్రత్యేక ఒప్పంద పత్రం వచ్చింది. తనిఖీల్లో బడికి ఒక్క మాటలో గ్రేడు ఇచ్చే పద్ధతిని 2024 సెప్టెంబరులో ప్రభుత్వ బడులకు ఎత్తేశారు. ఇవన్నీ టీచర్లకు ధైర్యం చెప్పే చర్యలు కావు, పనిని మార్చే చర్యలు.

ఇక్కడ సాధ్యమయ్యేవి

అన్నిటికంటే ముందు కావలసింది కాంప్లెక్సు స్థాయిలో సెలవు రిజర్వు టీచరు. బడులను కాంప్లెక్సులుగా కలిపి వనరులు పంచుకోవాలని దేశ విద్యావ్యవస్థను పరిశీలించిన కొఠారీ కమిషన్ 1966లోనే సూచించింది. ఆ నిర్మాణం మన దగ్గర ఉంది, సమావేశాలకు, నివేదికలకు వాడుతున్నాం. ప్రతి కాంప్లెక్సుకూ ఒకరిద్దరు టీచర్లను ఏ బడికీ శాశ్వతంగా కేటాయించకుండా ఉంచి, సెలవు, శిక్షణ, ప్రసూతి వేళల్లో వెళ్లేలా చేస్తే ఇద్దరు టీచర్ల బడి ఊపిరి పీల్చుకుంటుంది. ఖర్చు ఉంటుందన్నది నిజమే. ఇప్పుడు ఆ ఖర్చును చదువు పోగొట్టుకుని పిల్లలు, ఆరోగ్యం పోగొట్టుకుని టీచర్లు చెల్లిస్తున్నారు.

రెండోది, వివరాలు అడిగే వేళకు కట్టుబాటు. అత్యవసరం కాని ఏ సమాచారమూ మూడున్నరకు ముందు కోరకూడదనీ, యూడైస్‌లోనో, లీప్‌లోనో ఇప్పటికే ఉన్నదాన్ని మళ్లీ అడగకూడదనీ జిల్లా విద్యాశాఖాధికారి స్థాయిలో ఒక ఉత్తర్వు చాలు. దీనికి బడ్జెట్ అవసరం లేదు. ప్రధానోపాధ్యాయులకు కూడా ఇది ఊరట. పై నుంచి వచ్చే ఒత్తిడికీ కింది సిబ్బంది అలసటకూ మధ్య నలిగేది వారే, వారిని ఎలా ఉన్నారని అడిగేవారు ఎవరూ ఉండరు.

మానసిక సహాయం ఈ రెండింటి తర్వాతి స్థానంలో ఉండాలి, కానీ ఉండాలి. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ ఉచిత సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుతుంది. కుంగుబాటు, నిద్రలేమి, భయం వంటివి రోజుల తరబడి వదలకపోతే ఆ నంబరుకు ఫోన్ చేయడంలో చిన్నతనం లేదు. అధికారులు మాత్రం ఆ నంబరును గోడ మీద రాయించడంతో తమ బాధ్యత తీరిందనుకోకూడదు.

ఈ పనికి కొత్త సర్వేలు అక్కర్లేదు. ముఖ హాజరు మొదలైన నాటి నుంచి ఏ బడిలో ఏ రోజు ఎవరు విధుల్లో లేరో, ఎందుకు లేరో ప్రభుత్వం దగ్గరే నమోదై ఉంది. అందులోంచి ప్రతి కాంప్లెక్సులో గత ఏడాది ఎన్ని రోజులు ఒక బడి ఒక్క టీచరుతో నడిచిందో, ఎన్ని రోజులు పక్క బడి నుంచి మనిషిని తేవలసి వచ్చిందో లెక్క తీయవచ్చు. ఉలవపాడుకు ఎందరు రిజర్వు టీచర్లు కావాలో, పుల్లలచెరువుకు ఎందరు కావాలో ఆ లెక్కే చెబుతుంది. జూన్ 12న బడులు తెరిచేలోగా ఆ పట్టిక మండల విద్యాశాఖాధికారుల చేతికి వస్తే, కొత్త విద్యాసంవత్సరపు నియామకాలను దాని ఆధారంగానే చేపట్టవచ్చు.